గోడలు ఒరగవు, కెమెరా ఒరుగుతుంది

(ఇంటి లోపలి ఫొటోల మీద పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ ఒకే దారి పట్టాయి. ఇంటి లోపల, షాపు లోపల, షెడ్డు లోపల ఫొటో సరిగ్గా ఎందుకు రాదు అని. పెళ్లిళ్ల సీజన్ అయిపోయింది కదా, అందరూ గోడల మీద పడ్డట్టున్నారు. పొడుగు ఉత్తరాలను కాస్త కుదించాను. విజయనగరంలో ఇళ్లు, షోరూములు, లాడ్జీల ఫొటోలు తీయడమే నా పని కాబట్టి జవాబులు కూడా మన విజయనగరం, శ్రీకాకుళం వైపు ఇళ్లను దృష్టిలో పెట్టుకునే రాస్తున్నాను. 10 అడుగుల శ్లాబు, లేత ఆకుపచ్చ గోడలు, గదికో ట్యూబులైటు, ఆ ట్యూబులైటు పక్కనే ఫ్యాను.

ప్రశ్న: శ్రీకాకుళం టౌన్లో అద్దె ఇళ్లు, అమ్మకానికున్న ఫ్లాట్లు చూపిస్తుంటాను. ఫోన్‌తో ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెడతాను. ప్రతి ఫొటోలోనూ గోడలు పైకి వెళ్లేకొద్దీ బయటికి పడిపోతున్నట్టు వస్తున్నాయి. "మా ఇల్లు కూలిపోయేలా ఉందేంటి బాబూ" అని ఒక ఓనరుగారు నవ్వారు. యాప్‌లో సరిచేస్తే మంచాలు సాగిపోతున్నాయి. ఏం చెయ్యాలి?
– శ్రీకాకుళం పాఠకుడు

జవాబు: గోడలు పైన విచ్చుకుంటున్నాయంటే ఫోను కిందికి వంచి తీస్తున్నారన్నమాట. మీరెలా తీస్తున్నారో ఇక్కడ కూర్చునే చెప్పగలను. గుమ్మంలో నిలబడతారు, ఫోను కళ్ల ఎత్తులో పట్టుకుంటారు, నేల కూడా పడాలని కాస్త కిందికి వంచుతారు. పైకి వంచి ఉంటే కథ తిరగబడేది, గోడలు పైన దగ్గరికి వచ్చేవి.

ఇందులో ఫోను తప్పేమీ లేదు. లోపలున్న సెన్సరు (వెలుగుని పట్టుకునే పలక), ఎదుటి గోడ ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నంతసేపు నిలువు గీతలు నిలువుగానే పడతాయి. ఫోను వంచారా, ఆ గోడ పైభాగం ఒక దూరంలో, కిందిభాగం ఇంకో దూరంలో ఉన్నట్టు లెక్క. దూరమైనది చిన్నగా పడుతుంది, దగ్గరిది పెద్దగా పడుతుంది. గోడ ఒరిగినట్టు కనిపించేది అందుకే.

కాబట్టి నేల కావాలంటే ఫోను వంచకండి, దించండి. 4 లేదా నాలుగున్నర అడుగుల ఎత్తు, అంటే మీ గుండెల దగ్గర, నిటారుగా పట్టుకోండి. పడకగదిలో ఇంకో అర అడుగు దించినా బాగుంటుంది, లేకపోతే మంచం మీద దుప్పటి తప్ప ఏమీ కనపడదు. సెట్టింగ్స్‌లో గ్రిడ్ ఆన్ చేసుకోండి. నిలువు గీతల్లో ఒకదాన్ని తలుపు చట్రం అంచుకి ఆనించి చూడండి. చట్రం, గీత పైనుంచి కిందిదాకా ఒకటిగా ఉంటే నొక్కండి. ఆ అర నిమిషం ఓపిక తర్వాత యాప్‌లో గడిపే పావుగంట మిగులుస్తుంది.

నిటారుగా పెడితే సీలింగు మరీ ఎక్కువ వస్తోంది, నేల చాలట్లేదు అంటారు. ఒక్కడుగు వెనక్కి వెయ్యండి, లేదా ఫోను నిలువుగా తిప్పి తీయండి. ఫ్రేములో నేల, సీలింగు రెండూ దండిగా పడతాయి. తర్వాత పైన అక్కర్లేని సీలింగు కత్తిరించెయ్యండి. గోడలు నిటారుగానే ఉంటాయి, మీకు కావాల్సిన నేలా ఉంటుంది. ఇది పాత విద్యే. మన స్టూడియోల్లో నల్లగుడ్డ కప్పుకుని తీసిన చెక్క కెమెరాలు గుర్తున్నాయా? వాటిలో చాలావాటికి ముందున్న లెన్సు పలక, కెమెరాని వంచకుండానే, పైకీ కిందికీ జరిగేది. అదే సౌకర్యాన్ని చిన్న ఫిల్ము కెమెరాలకి నికాన్‌వాళ్లు 1960ల మొదట్లో 35 ఎంఎం షిఫ్ట్ లెన్సుగా తెచ్చారు. కెనాన్‌వాళ్ల 17 ఎంఎం షిఫ్ట్ లెన్సు 2009లో వచ్చింది. దాని ఖరీదుకి మీ ఊళ్లో మంచి బైకు వచ్చేస్తుంది. కాబట్టి మీరు కత్తిరించుకోండి.

ఇక సాగిపోయే మంచం సంగతి. దీనికి రెండు కారణాలు ఉండొచ్చు, రెండూ వేరు. యాప్‌లో నిలువు గీతలు సరిచేసినప్పుడు అది ఫొటోలో ఒక కొసని లాగి పెద్దది చేస్తుంది. కొద్దిగా ఒరిగిన ఫొటోకి కొద్దిగా లాగితే ఎవరికీ తెలియదు. ఎక్కువ వంచి తీస్తే ఎక్కువ లాగాలి. అప్పుడు బొమ్మ నిలువునా సాగుతుంది, అంచులు పోతాయి, లాగినచోట పసకూడా తగ్గుతుంది. స్నాప్‌సీడ్‌లో పర్‌స్పెక్టివ్ అని ఉంటుంది, ఉచితమే, చిన్న దిద్దుబాట్లకి చాలు. లైట్‌రూమ్ యాప్ ఉంటే అందులో గైడెడ్ పద్ధతి వాడండి. ఎడమ గోడ అంచు మీద ఒక గీత, కుడి తలుపు చట్రం మీద ఒక గీత గీస్తే మిగతాది అదే చూసుకుంటుంది. ఆ రెండు గీతలూ ఫొటోలో ఎంత దూరదూరంగా ఉంటే ఫలితం అంత నిక్కచ్చిగా వస్తుంది. ఆటో బటన్ని మాత్రం గుడ్డిగా నమ్మకండి. కర్టెను మడతని, మెట్ల రెయిలింగుని కూడా అది గోడే అనుకుంటుంది.

రెండో కారణం ఫోనులో 0.5 అని ఉండే మరీ వెడల్పు లెన్సు. దాంతో తీస్తే అంచున ఉన్న గుండ్రటి స్టూలు కోడిగుడ్డులా పడుతుంది. దాన్ని ఏ పర్‌స్పెక్టివ్ బటనూ సరిచేయలేదు, ఎందుకంటే అది ఒరుగు కాదు, అంత వెడల్పు దృశ్యాన్ని చదును కాగితం మీద పరిచినందుకు వచ్చే సాగుడు. మంచం కాళ్లవైపు అంచు దగ్గర పడితే అదే జరుగుతుంది. 1 అని ఉండే మామూలు లెన్సుతో, వీలైనంత మూలకి జరిగి తీయండి. బాత్రూముల్లాంటి చోట తప్పనిసరై 0.5 వాడితే అంచుల్లో బకెట్టు, బల్ల ఏవీ లేకుండా చూడండి.

ఇంకోమాట, అడగకపోయినా చెప్తాను. 0.5లో 10 బై 10 గది ఫంక్షన్ హాల్లా కనిపిస్తుంది. అది చూసి టెక్కలి నుంచి బస్సెక్కి వచ్చిన కుటుంబం, గుమ్మంలోంచే వెనక్కి తిరిగితే పోయేది మీ మాటే. గదిలో ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి తీయండి. కుర్చీ సైజు అందరికీ తెలుసు, దాన్ని బట్టి గది ఎంతో వాళ్లే లెక్కేసుకుంటారు.

ప్రశ్న: మాది బొబ్బిలి దగ్గర గొల్లపల్లి. ఇంట్లోవాళ్లు వీణలు చేస్తారు. ఆన్‌లైన్‌లో పెడదామని పనిచేసే చోటు ఫొటో తీస్తే, తలుపు అవతల అంతా తెల్లగా ఓవర్ అయిపోతోంది, లోపల మనిషి నల్లగా పడుతున్నారు. ఫ్లాష్ వేస్తే ఇంకా ఘోరం. పనసచెక్క రంగు కూడా అసలు రంగులా రావట్లేదు.
– గొల్లపల్లి పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ షెడ్డు నేను చూడలేదు గానీ అలాంటివి చాలా చూశాను. ఒకే తలుపు, తలుపు బయట మిట్టమధ్యాహ్నం ఎండ, లోపల మూలకి వెలుగే చేరదు. ఫొటోగ్రఫీలో వెలుగు రెట్టింపయితే ఒక స్టాపు అంటాం. ఎండపడ్డ వాకిలికీ లోపలి మూలకీ 8 స్టాపుల తేడా ఉంటే, అది 256 రెట్లు. మన కన్ను అటు చూసినప్పుడు ఒకలా, ఇటు చూసినప్పుడు ఒకలా సర్దుకుంటుంది కాబట్టి మనకి రెండూ కనిపిస్తాయి. కెమెరా ఒక్క నొక్కుకి ఒక్కటే సర్దుబాటు.

అన్నిటికన్నా సులువైన ఉపాయం, తలుపుని ఫొటోలోకి రానివ్వకపోవడం. తలుపు పక్క గోడకి ఆనుకుని నిలబడి లోపలికి తీయండి. ఇప్పుడు ఆ తలుపే మీకు పెద్ద లైటు. వీణ చేసే ఆయన్ని తలుపుకి 4, 5 అడుగుల లోపల, వెలుగు ఒక పక్క నుంచి పడేలా కూర్చోబెట్టండి. నేరుగా ఎండ పడకూడదు, ఎండ నేల మీద పడి లేచిన వెలుగు చాలు. ఇలా పక్కనుంచి వచ్చే వెలుగులోనే వీణ కొసనుండే యాళి ముఖం మీద ఉలిగీతలు, వీణ కుండ మీది నగిషీ కనిపిస్తాయి. చెక్కినచోట ఒక అంచు వెలుగుతుంది, దాని పక్కన సన్నటి నీడ పడుతుంది. ఆ నీడే నగిషీ. ఫోను ఫ్లాష్ ఎదురుగా కొట్టి సరిగ్గా ఆ నీడనే చంపేస్తుంది. మీకు ఘోరంగా అనిపించింది అందుకే.

రెండో పక్క మరీ చీకటి అనిపిస్తే తెల్ల థర్మోకోల్ షీటు ఒకటి, ఫ్రేములో పడకుండా, ఆయనకి అవతల వైపు నిలబెట్టండి. తలుపు వెలుగు దాని మీద పడి తిరిగి ఆయన చెంప మీదికి వస్తుంది. ఇంకా వెలుగు కావాలంటే దగ్గరికి జరపండి, ఎక్కువైతే దూరం జరపండి. తెల్ల దుప్పటి అయినా ఫరవాలేదు. పొందూరు ఖద్దరు ఇంట్లో ఉందని అది మాత్రం కట్టకండి. ఎర్రపత్తితో నేసిన గుడ్డకి సహజంగానే మీగడ రంగు ఉంటుంది, వెలుగుకీ ఆ రంగు అంటుతుంది.

తలుపు, బయట వాకిలి కూడా ఫొటోలో ఉండితీరాలంటే మూడు ఎక్స్‌పోజర్లు, అంటే వెలుగు పాళ్లు మార్చి మూడు ఫొటోలు, తీసి కలపాలి. ఫోను స్టాండు మీద కదలకుండా పెట్టి, ఐఎస్ఓ (సెన్సరు వెలుగుకి ఎంత స్పందించాలో చెప్పే అంకె) 100లోనో దాని దగ్గర్లోనో ఉంచి, షట్టరు తెరుచుకునే సమయం మాత్రం మార్చండి. 1/60 సెకను, 1/15, 1/4 అనుకోండి. ఒక్కోదానికీ రెండేసి స్టాపుల తేడా. ఆయన్ని ఆ కాసేపు ఉలి ఆపమనండి, లేకపోతే మూడు చేతులు పడతాయి. ఫోనులో ఉండే హెచ్‌డీఆర్ ఈ పనే తనంతట తాను చేస్తుంది, కానీ 8 స్టాపులకి అది చాలదు, చెక్కంతా బూడిద పూసినట్టు వస్తుంది. లేదంటే సూర్యుడు దిగాక తీయండి. లోపల బల్బు వేసి ఉంచితే, పొద్దుగుంకిన పావుగంటకి బయటి వెలుగూ లోపలి వెలుగూ సమానమవుతాయి. మన దగ్గర మునిమాపు ఎక్కువసేపు నిలవదు, ముందే అన్నీ సర్దుకుని ఉండాలి.

చెక్క రంగుది వేరే కథ. కొత్తగా కోసిన పనస పసుపుపచ్చగా ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ గోధుమరంగుకి తిరుగుతుంది. ఫ్రేమంతా పసుపే కనబడేసరికి ఫోను "ఇది బల్బు వెలుగు కాబోలు" అనుకుని ఆ పసుపుని లాగేస్తుంది. దీనికి విరుగుడు ఒక తెల్ల కాగితం. వీణ పక్కన అదే వెలుగులో కాగితం పెట్టి ఒక ఫొటో తీసుకోండి, తర్వాత కాగితం తీసేసి అసలు ఫొటోలు తీయండి. లైట్‌రూమ్‌లో వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా వచ్చేలా చేసే రంగు సర్దుబాటు) పిప్పెట్ గుర్తుని ఆ కాగితం మీద నొక్కి, అదే లెక్క మిగతావాటికీ పెట్టండి. వెలుగు మారితే కాగితం ఫొటో మళ్లీ తీయాలి. అన్నట్టు, చెక్కపొడి గాలిలో తేలుతూ వెలుగులో మెరుస్తుంటే ఆపకండి, అందంగా ఉంటుంది. ఫోను లెన్సు మీద పడ్డ చెక్కపొడి మాత్రం తుడవండి.

ప్రశ్న: విజయనగరంలో మాడ్యులర్ కిచెన్లు చేయిస్తుంటాను. పని పూర్తయ్యాక లైట్లన్నీ వేసి ఫొటో తీస్తే ఒకపక్క పసుపు, ఒకపక్క నీలం, మధ్యలో ఏదో ఆకుపచ్చ. కబోర్డుల గ్లాసీ షట్టర్ల (తలుపుల) మీద కిటికీ, ట్యూబులైటు, నేను, అందరం ఉంటున్నాం. "మా లామినేట్ రంగు ఇది కాదు" అని కస్టమర్ల గోల.
– విజయనగరం పాఠకుడు

జవాబు: లైట్లన్నీ వేయడమే మీ జబ్బు. ఇల్లు చూపించేటప్పుడు అన్ని స్విచ్చులూ నొక్కడం మనకి మర్యాద, కెమెరాకి తలనొప్పి. వెలుగు రంగుని కెల్విన్లలో చెప్తారు, అంకె తగ్గితే పసుపు, పెరిగితే నీలం. కబోర్డుల కింద పెట్టే పసుపు స్ట్రిప్పు 3000 కెల్విన్. పైన తెల్ల ఎల్ఈడీ 6500. కిటికీలోంచి వచ్చే నీడపట్టు వెలుగు 7000 దాకా ఉండొచ్చు. కెమెరాకి ఫ్రేము మొత్తానికి వైట్ బ్యాలెన్స్ ఒక్కటే. స్ట్రిప్పుని తెల్లగా చేస్తే కిటికీ నీలమవుతుంది, కిటికీని తెల్లగా చేస్తే స్ట్రిప్పు నారింజ రంగుకి పోతుంది. ఆ ఆకుపచ్చకి రెండు కారణాలుంటాయి, ఒకటి చవక ఎల్ఈడీలు, రెండు మన గోడల రంగు. కిటికీ వెలుగు లేత ఆకుపచ్చ గోడకి తగిలి మీ తెల్ల లామినేట్ మీదికి వస్తుంది. ఇక అది తెల్లగా ఎలా ఉంటుంది?

నేనైతే అన్నీ ఆపేస్తాను. కిటికీ వెలుగొక్కదానితో, స్టాండు మీద, లెన్సు రంధ్రం ఎఫ్/8, ఐఎస్ఓ 100. షట్టరు సెకను, రెండు సెకన్లు పట్టినా పట్టనీ, వంటగది ఎక్కడికీ పోదు. రెండు సెకన్ల టైమరు పెట్టండి, లేకపోతే మీ వేలే కదిలిస్తుంది. ఈ ఫొటోలో లామినేట్ రంగు నిజంగా ఉంటుంది. తర్వాత స్టాండు ముట్టుకోకుండా కిటికీకి గుడ్డ కట్టి, స్ట్రిప్పులు మాత్రమే వేసి ఇంకోటి తీయండి. దాని వైట్ బ్యాలెన్స్ వేరేగా సర్ది, ఫొటోషాప్‌లో స్ట్రిప్పు వెలుగు పడినంత మేర మొదటిదానిలో కలపండి. కస్టమర్‌కి స్ట్రిప్పు వెలిగి కనిపించాలి కదా, అదీ తీరుతుంది. అంత ఓపిక లేకపోతే లైట్లు కొనేటప్పుడే పెట్టె మీద కెల్విన్ చూసి అన్నీ ఒకటే కొనండి. సీఆర్ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90 పైన ఉన్నవైతే ఎరుపులు, చెక్క రంగులు చచ్చిపోకుండా వస్తాయి.

ఫ్లాష్ వాడేవాళ్లకి ఒకమాట. తెల్ల సీలింగుకి కొట్టండి, రంగు గోడకి కొట్టకండి. సీలింగుకి కూడా రంగు వేసిన ఇల్లయితే మళ్లీ థర్మోకోల్ షీటే దిక్కు.

గ్లాసీ షట్టర్ల సంగతికొస్తే, పోలరైజర్ ఫిల్టరు ఒకటి కొనండి. లెన్సు ముందు మెల్లగా తిప్పుతుంటే లామినేట్ మీద, గ్రానైట్ మీద, గాజు మీద మెరుపు ఒకచోట తగ్గిపోయి లోపలి రంగు బయటపడుతుంది. ఎదురుగా నిలబడి తీస్తే అది పనిచేయదు, ఏటవాలుగా ఉండాలి. స్టీలు చిమ్నీ మీదా, సింకు మీదా కూడా పనిచేయదు. లోహపు మెరుపు దానికి లొంగదు. బుడితి ఇత్తడి సామాను ఫొటోలు తీసేవాళ్లు నన్ను ఇదే అడుగుతుంటారు. లోహంలో ఏం కనిపించాలో మీరే నిర్ణయించాలి. దానికి ఎదురుగా పెద్ద తెల్లగుడ్డ కడితే మెరుపు మెత్తగా వస్తుంది, నల్లగుడ్డ కడితే అంచు తీరుగా వస్తుంది. మీ చిమ్నీకీ అదే మందు. మీరు మటుకు నల్లచొక్కా వేసుకుని వెళ్లండి.

ఎత్తు 4 అడుగులు పెట్టండి. ప్లాట్‌ఫాం పైభాగం సన్నగా కనిపించాలి, పైకబోర్డుల అడుగుభాగం, అక్కడ వేలాడే వైర్లు ఎక్కువగా కనిపించకూడదు. వంటగదిలో నిలువు గీతలు మరీ ఎక్కువ. డిగ్రీ ఒరిగినా పదహారు షట్టర్లూ కలిసి అరుస్తాయి. మీరు పనిలో వాడే రసమట్టమే కెమెరా వీపుకి ఆనించి చూసుకోండి.

ప్రశ్న: మా షాపులో వీడియో తీసినా, ఫొటో తీసినా అడ్డంగా నల్లచారలు పడుతున్నాయి. ఫోను పాడైందా?
– పాలకొండ పాఠకుడు

జవాబు: ఫోను బాగానే ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్, చవకరకం ఎల్ఈడీ సెకనుకి 100 సార్లు మినుకుతుంది. ప్రో మోడ్‌లో షట్టరు 1/50 గానీ 1/100 గానీ పెట్టండి. వీడియోకి సెట్టింగ్స్‌లో యాంటీ ఫ్లికర్ అని ఉంటే 50 హెర్ట్జ్ ఎంచుకోండి. అప్పటికీ పోకపోతే బల్బు మార్చండి.

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్ని. నరసన్నపేట దగ్గర పల్లెలో మా తాతగారి మండువా లోగిలి ఉంది. వాటాలు పడ్డాయి, వచ్చే వేసవికి పడగొడతారు. మా అబ్బాయి పాత డీఎస్ఎల్ఆర్ ఉంది. నాలుగు కాలాలు నిలిచేలా ఫొటోలు తీయాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
– నరసన్నపేట పాఠకుడు

జవాబు: మాస్టారూ, అందమైన ఫొటోలు తర్వాత. ముందు కొలతకి పనికొచ్చే ఫొటోలు తీయండి. రేపు మీ మనవడు ఆర్కిటెక్ట్ అయినా, ఏ కాలేజీ పిల్లలైనా వచ్చి ఆ ఇల్లు కాగితం మీద గీయాలన్నా అవే పనికొస్తాయి.

మబ్బు పట్టిన రోజు ఎంచుకోండి. వానాకాలం ఉండగానే తీస్తే మరీ మంచిది. మండువాలోకి ఎండ నిలువుగా దిగిన రోజు మధ్యలో తెల్లటి గచ్చు, చుట్టూ నల్లటి వసారాలు తప్ప ఏమీ పడదు. మబ్బు ఉంటే ఆకాశమంతా ఒకటే లైటు, నాలుగు వసారాల్లోకీ ఒకేలా దిగుతుంది. లోపలి బల్బులు వేయకండి.

మండువాకి ఒక వైపు మధ్యలో స్టాండు పెట్టి ఎదుటివైపుని నేరుగా తీయండి. అలా నాలుగు వైపులా తీయాలి. వీటిలో నిలువు గీతలే కాదు, దూలం, గడప లాంటి అడ్డగీతలూ అడ్డంగానే పడాలి. కెమెరా కుడికో ఎడమకో కాస్త మళ్లినా దూలం ఏటవాలవుతుంది. తర్వాత నాలుగు మూలల నుంచి ఐమూలగా తీయండి. ఈ ఐమూల ఫొటోల్లో అడ్డగీతలు దూరానికి దగ్గరవుతూ పోవాలి, అది సహజం. యాప్‌లో వాటిని లాగి అడ్డంగా చేయబోకండి, ఇల్లు నమ్మశక్యం కాకుండా పోతుంది. నిలువులు మాత్రం నిలువుగా ఉంటే చాలు. పనోరమా మోడ్ జోలికి వెళ్లకండి, తిన్నని దూలాన్ని విల్లులా వంచేస్తుంది.

పాత ఇళ్లతో ఒక చిక్కుంది. గోడలు నిజంగానే ఒరిగి ఉంటాయి. స్తంభాలు కింద లావుగా, పైన సన్నగా చెక్కి ఉంటారు. మరి లైట్‌రూమ్‌లో గీత దేనిమీద గీయాలి? మేస్త్రీలు గుండు కట్టి దారం వేలాడదీస్తారే, అది తెచ్చుకోండి. ఫ్రేములో ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి దూలానికి కట్టి వేలాడదీసి, గుండు ఊగడం ఆగాక తీయండి. దారం అబద్ధమాడదు. సరిచేసేటప్పుడు గీతలు ఆ దారాల మీద గీయండి. అప్పుడు ఒరిగిన గోడ ఒరిగినట్టే, నిలిచిన స్తంభం నిలిచినట్టే మిగులుతుంది. దారాలు లేకుండా అదే చోటినుంచి ఇంకో ఫొటో తీసి, దానికీ అదే దిద్దుబాటు పెట్టుకుంటే ఇంట్లో గోడకి వేలాడదీసుకోవడానికి అది ఉంటుంది. ఒక మీటరు కర్ర మీద పది సెంటీమీటర్లకో పట్టీ ఎరుపు, తెలుపు రంగులేసి ప్రతి గోడ పక్కనా నిలబెట్టండి.

లైట్‌రూమ్‌లో అన్నిటికన్నా ముందు మీ లెన్సు ప్రొఫైల్ కరెక్షన్ ఆన్ చేయండి. పాత కిట్ లెన్సుల్లో 18 ఎంఎం దగ్గర తలుపు చట్రాలు మధ్యలో ఉబ్బుతాయి. ముందు ఆ ఉబ్బు తీయాలి, ఆ తర్వాతే ఒరుగు. క్రమం తిరగేస్తే రెండూ కుదరవు. కుదిరితే 24 ఎంఎం దగ్గర పెట్టి వాడండి. రా ఫైళ్లలో (కెమెరా దిద్దని ముడి ఫైళ్లు) తీయండి.

వాసాలు, పెంకులు కావాలంటే కెమెరా నేలమీద పెట్టి నిట్టనిలువుగా పైకి చూపించి తీయండి. సగం వంచితేనే గజిబిజి, పూర్తిగా పైకి చూపిస్తే అదొక చక్కటి నమూనా. తలుపు మీది చెక్కడాలకి ఫ్లాష్ వద్దు, గొల్లపల్లి అమ్మగారికి చెప్పిన పక్కవెలుగే. వంటిల్లు మసిపట్టిన గోడని శుభ్రం చేయించకుండా అలాగే తీయండి. ఫొటోలు తీశాక ఒక కాపీ ఒక వాటాదారు దగ్గర, ఇంకో కాపీ ఇంకో వాటాదారు దగ్గర ఉంచండి. ఇల్లు పంచుకున్నా వాటిని ఎవరూ పంచుకోనక్కర్లేదు.

ప్రశ్న: మా హాలు తూర్పుముఖం. డిసెంబర్లో ఉదయం సోఫా మీద చక్కగా ఎండపడేది, ఫొటో తీద్దామని జూన్లో చూస్తే ఆ ఎండ లేదు. ఇల్లు మారలేదు కదా?
– ఆమదాలవలస పాఠకురాలు

జవాబు: సూర్యుడు మారాడు. మన అక్షాంశం దగ్గర సూర్యుడు డిసెంబరు చివర సరిగ్గా తూర్పుకి సుమారు 25 డిగ్రీలు దక్షిణంగా, జూన్ చివర అంతే ఉత్తరంగా ఉదయిస్తాడు. మీ పక్కనే ఉంది కదా అరసవల్లి. ఏటా మార్చిలో కొన్ని రోజులు, మళ్లీ అక్టోబరు మొదట్లో కొన్ని రోజులు ఉదయపు కిరణాలు స్వామి పాదాలు తాకుతాయి. ఉత్తరానికి వెళ్తూ ఒకసారి, దక్షిణానికి తిరిగి వస్తూ ఒకసారి సూర్యుడు అదే దిక్కుకి వస్తాడు కాబట్టి ఏడాదిలో రెండుసార్లు. మీ సోఫాకీ అదే లెక్క, డిసెంబరు 21కి ఎన్ని రోజుల ముందు ఎండ పడుతుందో, అన్ని రోజుల తర్వాత కూడా దాదాపు అలాగే పడుతుంది. కిటికీ దగ్గర తేదీ, టైము రాసి పెట్టుకోండి. ఎండ నేరుగా సోఫా మీద పడ్డప్పుడు ఎక్స్‌పోజర్ ఎండకే పెట్టండి. మిగతా గది కాస్త చీకటైనా బాగుంటుంది.

ప్రశ్న: చేతిలో కొంచెం డబ్బుంది. వైడ్ లెన్సు కొనాలా, లైట్లు కొనాలా?
– రాజాం పాఠకుడు

జవాబు: ట్రైపాడ్ కొనండి. బరువైనది, నీటిబుడగ ఉన్నది. మిగిలితే థర్మోకోల్ షీట్లు.

ప్రశ్న: మాది గజపతినగరం, బ్యూటీ పార్లర్ నడుపుతున్నాను. పెద్ద అద్దం, దాని ముందు కుర్చీలు ఫొటో తీయాలి. ఎక్కడ నిలబడ్డా అద్దంలో నేను, నా ఫోను ఉంటున్నాం. పక్కకి జరిగి వంకరగా తీస్తే అద్దం ఒకపక్క పెద్దగా, ఒకపక్క చిన్నగా పడుతోంది.
– గజపతినగరం పాఠకురాలు

జవాబు: జరిగింది బాగుంది, ఫోను తిప్పడమే వద్దు. అద్దం అంచు దాటేదాకా పక్కకి జరగండి. కానీ ఫోనుని అద్దం వైపు తిప్పకుండా, అద్దం ఉన్న గోడకి సమాంతరంగానే ఉంచండి. మీకు సరిగ్గా ఎదురుగా ఉన్నచోట మీ ప్రతిబింబం పడాలి. అక్కడ ఇప్పుడు అద్దం లేదు, ఉత్త గోడే ఉంది. అద్దం ఫ్రేములో ఒక పక్కకి వస్తుంది, రెండోపక్క గోడ చాలా పడుతుంది. ఆ గోడని కత్తిరించెయ్యండి. అద్దం చక్కగా దీర్ఘచతురస్రంగా, ఎదురుగా నిలబడి తీసినట్టే ఉంటుంది, మీరు అందులో ఉండరు. పైన శ్రీకాకుళం ఆయనకి సీలింగు కత్తిరించమని చెప్పిన పద్ధతే, ఇక్కడ పక్కకి. దీనికి కొంచెం వెడల్పు దృశ్యం కావాలి కాబట్టి గది చిన్నదైతే 0.5 లెన్సు వాడినా తప్పులేదు, కత్తిరించాక ఇంకా స్పష్టంగా ఉండేలా ఫోనులో ఎక్కువ మెగాపిక్సెళ్ల మోడ్ ఉంటే అది పెట్టండి.

అద్దంలో మీకు వెనకున్న గోడ కనిపిస్తుంది, దాని సంగతి మర్చిపోకండి. అక్కడ వేలాడే తువ్వాళ్లు, క్యాలెండరు, చెప్పుల స్టాండు తీసెయ్యండి. అద్దం చుట్టూ బల్బులుంటే ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించి తీయండి, బల్బులు తెల్ల ముద్దల్లా కాకుండా గుండ్రంగా పడతాయి. తీసేముందు అద్దానికి అంటించిన బొట్టుబిళ్లలన్నీ పీకేయండి. ఫొటోలో అవే ముందు కనపడతాయి.